దెబ్బ తర్వాత మిగిలే మనసు – 4వ పాఠం

పోయిన పాఠంలో ఊపిరి లెక్కపెట్టడం నేర్చుకున్నాం. ఒకటి నుంచి పది దాకా లెక్క తప్పకుండా సాగుతుంటేనే ముందుకు రండి. సాగడం లేదంటే తొందరేం లేదు, ఇంకో వారం అక్కడే ఉండండి.

ఈసారి జాన్షిన్. జపాన్ భాషలో 'జాన్' అంటే మిగలడం, 'షిన్' అంటే మనసు. దెబ్బ వేశాక కూడా మేలుకునే ఉండే మనసన్నమాట. కెండోలో, అంటే జపాన్ కత్తి విద్యలో, దీనికి నియమమే ఉంది. వెదురు కత్తి సరిగ్గా తగిలినా, ఆ వెంటనే జాన్షిన్ కనిపించకపోతే పాయింట్ రాదు. గెలిచానని చెయ్యెత్తి సంబరపడితే ఇచ్చిన పాయింట్ కూడా రద్దు కావచ్చు. ఈ యుద్ధవిద్యల మీద నాకు గౌరవం పెరిగింది ఈ నియమం తెలిశాకే.

ఇక సాధన. పాదాలు భుజాలంత ఎడంగా పెట్టి నిలబడండి. పిడికిలి నడుము దగ్గర, వేళ్లు పైకి. ఊపిరి వదులుతూ నెమ్మదిగా, ఛాతీ ఎత్తులో నేరుగా గుద్దండి. చెయ్యి వెనక్కి తీసుకోకండి. మూడు ఊపిర్లు తీసి వదిలేదాకా అలాగే ఉండండి.

అసలు పాఠం ఆ మూడు ఊపిర్లలోనే ఉంది. మొదటి ఊపిరికే చూపు జారి పిడికిలి మీద పడుతుంది, భుజం చెవి వైపు లేస్తుంది. రెండో ఊపిరికి 'బాగా వచ్చిందా?' అన్న ప్రశ్న. మూడోదానికి మనసు తర్వాతి గుద్దులో ఉంటుంది. నా చెయ్యి చాలాకాలం గుద్దు అవగానే బెల్టు సర్దడానికి వెళ్లిపోయేది. వెళ్లిందని తెలియడానికే నెలలు పట్టింది.

మనసు మిగలాలి కదా అని బిగబట్టి పిడికిలినే చూస్తుంటారు కొందరు. అది కాదు. 17వ శతాబ్దపు జెన్ బౌద్ధ సన్యాసి తకువాన్, ఖడ్గవీరుడు యాగ్యు మునెనోరికి చెప్పింది కూడా ఇదే: ప్రత్యర్థి కత్తి మీద గానీ, నీ కత్తి మీద గానీ మనసు ఆగకూడదు. ఆగిన చోటే అది చిక్కుకుపోతుంది. అందుకే కెండోలో 'దూరపు కొండను చూసే చూపు' అంటారు. కొండను చూసినట్టు ఎదురుగా ఉన్నదంతా ఒకేసారి కంట్లో పడనివ్వండి. అందులో పిడికిలి కూడా ఒక భాగం, అంతే. దవడ వదులైతే చూపు దానంతటదే విశాలమవుతుంది.

రోజుకు కుడిచేత్తో పది, ఎడమచేత్తో పది. అంతకంటే వద్దు. అయ్యాక నోట్‌బుక్‌లో ఒక్క అంకె రాయండి: ఎక్కువసార్లు మనసు ఎన్నో ఊపిరి దగ్గర జారింది? బాగా చేశానా లేదా అన్నది రాయొద్దు. ఏడు రోజుల అంకెలు దగ్గర పెట్టుకోండి. వచ్చే పాఠంలో మోకుసో, అంటే సాధనకు ముందూ తర్వాతా మౌనంగా కూర్చోవడం, ఆ అంకెలతోనే మొదలుపెడతాం.