జాంగోలో సొంత ఫీల్డులు – 2వ పాఠం: విలువ ఎక్కడ మారుతుంది?

పోయిన పాఠంలో జాంగో (పైథాన్‌తో వెబ్‌సైట్లు కట్టే ఫ్రేమ్‌వర్క్) మోడల్ కోసం రంగు ఫీల్డు మొదలుపెట్టి, డీబీ_టైప్ మెథడ్‌తో డేటాబేస్‌లో ఆరు అక్షరాల కాలమ్ వేయించాం. అందులో ఎఫ్‌ఎఫ్8800 అని హెక్స్‌లో (16 ఆధారంగా రాసే సంఖ్యల్లో) రంగు ఉంటే కోడ్‌లోకీ ఆ స్ట్రింగే వస్తోంది. మనకు కావాల్సింది 255, 136, 0 అనే మూడు సంఖ్యలూ విడివిడిగా ఉండే రంగు ఆబ్జెక్ట్.

డేటాబేస్ నుంచి వచ్చే విలువను ఫ్రమ్_డీబీ_వేల్యూ మారుస్తుంది. నన్ (పైథాన్‌లో విలువ లేదని చెప్పేది) వస్తే నన్‌నే తిరిగివ్వండి, స్ట్రింగ్ వస్తే రంగుగా మార్చండి, అంతే. ప్రతి వరుసకూ నడుస్తుంది కాబట్టి ఇందులో బరువైన పని పెట్టకండి.

తిరిగి డేటాబేస్‌లోకి పంపేది గెట్_ప్రెప్_వేల్యూ. సేవ్ చేసినప్పుడే కాదు, ఫిల్టర్‌లో ఇచ్చిన విలువ కూడా దీని గుండానే పోతుంది. అందుకే ఫిల్టర్‌కు నేరుగా రంగు ఆబ్జెక్టే ఇవ్వొచ్చు. హెక్స్ అక్షరాలు పెద్దవా చిన్నవా అన్నది కూడా ఇక్కడే తేల్చేయండి. లేకపోతే పెద్ద, చిన్న అక్షరాలను వేరుగా చూసే పోస్ట్‌గ్రెస్ లాంటి డేటాబేస్‌లో ఒకే రంగు రెండు రకాలుగా నిల్వ అయి, వెతికితే కొన్నే దొరుకుతాయి.

ఇక టు_పైథాన్. అందరూ తికమకపడేది దీని దగ్గరే. పేరు చూస్తే ఎప్పుడూ ఇదే నడుస్తుందనిపిస్తుంది. నిజానికి ఫుల్_క్లీన్ (మోడల్‌లోని విలువలను సరిచూసే మెథడ్) పిలిచినప్పుడూ, ఫిక్స్చర్ల (ఫైల్‌లో రాసిపెట్టుకున్న డేటా) లాంటివి లోడ్ చేసేటప్పుడూ నడుస్తుంది. మోడల్ ఫారాలు ఎలాగూ క్లీన్ చేస్తాయి, వాటితో బెంగ లేదు. దీనికి రంగు ఆబ్జెక్ట్, స్ట్రింగ్, నన్ ఏది వచ్చినా తట్టుకోవాలి. చెత్త స్ట్రింగ్ వస్తే వ్యాలిడేషన్ ఎర్రర్ లేపాలి. మామూలు వేల్యూ ఎర్రర్ లేపితే ఫారంలో సందేశం కనిపించడం పోయి పేజీయే కూలిపోతుంది.

మరి మీరే కోడ్‌లో ఫీల్డుకు స్ట్రింగ్ ఇస్తే? ఏమీ జరగదు, అది స్ట్రింగ్‌గానే ఉండిపోతుంది. సేవ్ దానంతట అది ఫుల్_క్లీన్‌ను పిలవదు. ఒకప్పుడు సబ్‌ఫీల్డ్‌బేస్ అనే మెటాక్లాస్ (క్లాస్ ఎలా తయారవాలో చెప్పే క్లాస్) పెడితే విలువ ఇవ్వగానే టు_పైథాన్ నడిచేది. జాంగో 1.10లో దాన్ని తీసేశారు. పాత కోడ్‌లో కనిపిస్తే కాపీ చేసుకోకండి. అలా వచ్చిన స్ట్రింగ్‌ను గెట్_ప్రెప్_వేల్యూ కూడా తట్టుకోవాలి కదా, కాబట్టి అందులో ముందు టు_పైథాన్‌ను పిలిచి, వచ్చిన రంగునే స్ట్రింగ్‌గా మార్చండి.

అభ్యాసం: షెల్‌లో ఫీల్డుకు స్ట్రింగ్ ఇచ్చి టైప్ ప్రింట్ చేయండి. సేవ్ చేసి మళ్లీ చూడండి. తర్వాత రిఫ్రెష్_ఫ్రమ్_డీబీ పిలిచి మూడోసారి చూడండి. ఆ మూడోసారి మాత్రమే రంగు ఆబ్జెక్ట్ కనిపిస్తే మీ ఫీల్డు సరిగ్గా ఉన్నట్టే. వచ్చే పాఠంలో డీకన్‌స్ట్రక్ట్, మైగ్రేషన్లు చూద్దాం.