జీపు వెనక చప్పుడు: ఏదైనా విప్పే ముందు ఏం చూడాలి

గాజువాక ఆటోనగర్‌లో మా షెడ్‌కు "వెనక నుంచి ఏదో సౌండ్ వస్తోందండీ" అంటూ వచ్చే బళ్లలో చాలా వరకు వంజంగి కొండో లంబసింగో ఎక్కి దిగినవే. సౌండ్ ఎలా ఉందో నోటితో చేసి చూపిస్తారు. నాకు అంతకంటే ముఖ్యం, అది ఎప్పుడు వస్తోందన్నది. గుంతలో పడ్డప్పుడా, క్లచ్ వదిలినప్పుడా, యాక్సిలరేటర్ తొక్కితేనా, తీసేస్తేనా? ఇది తేల్చుకోకుండా షాక్ అబ్జార్బర్లు మార్పించేసి, చప్పుడు తగ్గక మళ్లీ వచ్చేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది.

ముందు బండి ఖాళీ చేయండి. జాకీ, పానాలు, తాడు అన్నీ దించేయండి. వెనక డోర్‌కు బిగించిన స్టెప్నీని రెండు చేతులతో పట్టి గట్టిగా ఊపండి. దాని నట్లు వదులైనా, డోర్ రబ్బర్లు అరిగినా గతుకుల్లో వచ్చే టకటక అచ్చం కింద నుంచి వస్తున్నట్టే వినిపిస్తుంది. సైలెన్సర్ చల్లారాక దాని మీది రేకును తట్టి చూడండి. లాసన్స్ బే నుంచి భీమిలి దాకా సముద్రం పక్కన నిలిపే బళ్లకు ఉప్పుగాలి ఆ రేకు బిగింపులను తినేస్తుంది.

ఇక అసలు కష్టం గుయ్‌మనే మోతతోనే. రుషికొండ దాటాక ట్రాఫిక్ లేని వేళ, వెనక సీట్లో ఇంకొకరిని కూర్చోబెట్టుకుని వెళ్లండి. చదునైన చోట, వెనక బళ్లేవీ లేనప్పుడు, మోత వస్తుండగా క్లచ్ నొక్కండి. ఇంజన్ నెమ్మదించినా మోత తగ్గకపోతే అది చక్రాల వైపుది. ఘాట్ దిగుతూ ఈ పరీక్ష అస్సలు చేయొద్దు. యాక్సిలరేటర్ తొక్కినప్పుడు ఒకలా, వదిలినప్పుడు ఇంకోలా వినిపిస్తే వెనక ఇరుసు మధ్యలో చక్రాలను తిప్పే పళ్లచక్రాలను, అంటే క్రౌన్ పినియన్‌నో, దాని పినియన్ బేరింగ్‌నో అనుమానించాలి. స్టీరింగ్ మెల్లగా అటూ ఇటూ తిప్పితే మోత పెరిగి తగ్గుతుంటే వీల్ బేరింగ్. కుడికి తిప్పితే బరువు ఎడమ చక్రం మీద పడుతుంది కాబట్టి, అప్పుడు పెరిగితే ఎక్కువగా ఎడమదే. తారు నుంచి సిమెంటు రోడ్డు ఎక్కగానే మోత తీరు మారితే అది టైర్లది. వెనక టైర్లు ముందుకు మార్చి చూడండి, మోత కూడా ముందుకు వస్తే సందేహమే అక్కర్లేదు.

వాగు దాటిన బండి అయితే హౌసింగ్, అంటే ఆ పళ్లచక్రాలుండే ఇరుసు డబ్బాలోని ఆయిల్ చూడకుండా ఊరుకోకండి. వేడెక్కిన హౌసింగ్ చల్లటి నీళ్లలో దిగగానే లోపలి గాలి కుంచించుకుపోయి, గాలి ఆడే బ్రీదర్ పైపు నుంచో సీళ్ల నుంచో నీటిని పీల్చుకుంటుంది. ఆయిల్ పాలు కలిపిన కాఫీలా ఉందంటే నీళ్లు చేరినట్టే, వెంటనే మార్చాలి. ఆయిల్ పోసే ప్లగ్గు ఊడుతుందని చూసుకున్నాకే ఆయిల్ దించే కింది ప్లగ్గు విప్పండి. పైది తుప్పుపట్టి రాకపోతే ఆయిల్ లేని బండి చేతిలో మిగులుతుంది. ప్లగ్గు అయస్కాంతానికి మెత్తటి బూడిదరంగు ముద్ద అంటుకుని ఉంటే మామూలే. ఇనుప పెచ్చులు, గేరు పంటి ముక్కలు కనిపిస్తే మాత్రం బండి కదపొద్దు.

క్లచ్ వదలగానే, ముందుకీ రివర్స్‌కీ గేరు మార్చగానే ఒక్కసారి టంగ్‌మంటే గేర్‌బాక్స్ నుంచి ఇరుసుకు వెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్ క్రాస్ (దాని చివర కీలు) చూడాలి. చదునైన నేల మీద చక్రాలకు రెండువైపులా చెక్కదిమ్మలు పెట్టి, ఇంజన్ ఆపి, న్యూట్రల్‌లో షాఫ్ట్‌ను చేత్తో అటూ ఇటూ తిప్పండి. క్రాస్‌లో వదులు ఉన్నా, కప్పుల చుట్టూ ఎర్రటి తుప్పు పొడి కనిపించినా అది అయిపోయినట్టే. పాడేరు దిగి చోడవరం రోడ్డెక్కాక మలుపుల్లో బండి పట్టేసినట్టై ధన్‌మంటుంటే ముందు ఫోర్‌వీల్ లివర్ చూడండి. పొడి తారు మీద ఫోర్ హైలో, అంటే నాలుగు చక్రాలకూ ఇంజన్ బలం అందేలా ఉంటే ముందు, వెనక షాఫ్ట్‌ల మధ్య బిగువు పేరుకుని అలా విడుదలవుతుంది. వెనక చక్రాలకే బలం అందే టూ హైకి మార్చాక పోతే భయం లేదు.

గుంతల్లో మాత్రమే వచ్చేవి తేలిక. బొలెరోకీ పాత థార్‌కీ వెనక కమాన్లు (ఇనుప పట్టీల స్ప్రింగులు), 2020లో వచ్చిన థార్‌కు కాయిల్ స్ప్రింగులు. కమాన్ బండిలో కమాన్ చివర్లో ఉండే షాకిల్ బుష్‌లు, దాన్ని ఇరుసుకు బిగించే యూ బోల్టులు చూడండి. ఇనుము ఇనుముకు రాసుకునే చోట మట్టి పోయి మెరుస్తుంటుంది. కిర్రుమనే చోట నీళ్లు చల్లితే కాసేపు ఆగుతుంది, దాంతో జాగా దొరికినట్టే. జాకీ ఒక్కదాన్నే నమ్ముకుని బండి కిందకు దూరకండి, స్టాండ్లు పెట్టండి.

చివరగా, ఒక రౌండు తిరిగొచ్చి రెండు వెనక హబ్‌ల (చక్రం నడిమి భాగాల) దగ్గరా అరచేయి పెట్టండి, తాకకుండా. ఒకటి మాత్రమే బాగా కాలుతుంటే బేరింగో, పట్టేసిన బ్రేక్ లైనరో. ఆ చక్రం లేపి పైనా కిందా పట్టి ఊపితే గట్టిగా ఆడుతోందంటే, పిల్లల్ని ఎక్కించుకుని అరకు ఘాట్ వైపు వెళ్లొద్దు. అలాంటి బండిని తాడు కట్టి లాగించకుండా లారీ మీదకు ఎక్కించి షెడ్‌కు పంపండి.