పసిపిల్లల్ని శాస్త్రీయ సంగీతంతో నిద్రపుచ్చడం ఎలా?

సంగీతం పెట్టడం అందరికీ వచ్చు. ఆపడమే రాదు. అందుకే కన్నంటుకున్న పిల్లలు పది నిమిషాలకే లేచి గుక్కపెడతారు. ఆ సంగతి వివరంగా చెప్పాలి కాబట్టి మిగతావి గబగబా కానిచ్చేస్తాను.

1. పరికరం: ఒక ఫోను, ఉంటే చిన్న స్పీకరు. పాటలు ముందే డౌన్‌లోడ్ చేసుకోండి, లేదంటే సరిగ్గా రెప్పలు వాలే వేళకు ప్రకటన మోగుతుంది. స్పీకరుకు ఛార్జింగ్ పెట్టుకోండి. ‘బ్యాటరీ లో’ అని అది అరిచిందంటే పడ్డ కష్టమంతా వృథా. పిల్లలు పడుకున్న చోటికి కనీసం 2 మీటర్ల దూరంలో ఉంచండి. ఇయర్‌ఫోన్లు ఎట్టి పరిస్థితిలోనూ వద్దు.

2. ఎంపిక: ఒక్కటే వాద్యం ఉండాలి. వీణ, వేణువు, పియానో, సెల్లో ఏదైనా సరే. నడక నిమిషానికి 60 నుంచి 80 తాళం దెబ్బల మధ్య ఉంటే చాలు. నీలాంబరికి జోల రాగమని పేరుంది కదా అని కచేరీ రికార్డింగు మొత్తం పెట్టేస్తారు కొందరు. అందులో మృదంగం లాంటి తాళవాద్యాలు మాత్రమే మోగే తని ఆవర్తనం వస్తుంది, ఆపైన చప్పట్లు! మృదంగం అందుకోకముందు వచ్చే ఆలాపన మాత్రమే తీసుకోండి. పెద్ద వాద్యబృందం కలిసి వాయించే సింఫనీలూ వద్దు. ఆస్ట్రియా సంగీతకర్త హేడన్ 94వ సింఫనీ రెండో భాగం మెత్తమెత్తగా సాగుతూ ఉన్నట్టుండి ఢామ్మంటుంది. దానికి ‘సర్‌ప్రైజ్’ అన్న పేరు ఊరికే రాలేదు.

మొజార్ట్ అనే పాశ్చాత్య సంగీతకర్త సంగీతం వింటే పిల్లలకు తెలివి పెరుగుతుందని ఎవరైనా చెబితే పట్టించుకోకండి. 1993లో ఆ ప్రచారానికి మూలమైన ప్రయోగం చేసింది కాలేజీ విద్యార్థుల మీద. కనిపించిన ప్రభావం కూడా పావుగంట దాటలేదు. మనకు కావలసింది నిద్ర.

3. మొదలుపెట్టడం: పాలు, డైపరు అయ్యాక, లైటు తగ్గించి పెట్టండి. రోజూ అదే వరుస, అవే రెండు మూడు సంగీతం ముక్కలు. మీకు విసుగొస్తుంది, పిల్లలకు రాదు. పిల్లల తల దగ్గర 50 డెసిబెల్స్ మించకూడదు. అక్కడ నిలబడి మెల్లగా మాట్లాడితే మీ మాట తేలిగ్గా వినబడాలి.

4. ఆపడం: అసలు పని ఇక్కడుంది. పూర్తిగా నిద్రపోయేదాకా ఆగి, టక్కున ఆపేస్తారు చాలామంది. చెవులు అప్పటిదాకా వింటున్న శబ్దం ఒక్కసారిగా పోతే ఆ నిశ్శబ్దానికే లేస్తారు. ఫోన్‌లోని స్లీప్ టైమరూ చాలాసార్లు ఇలాగే చేస్తుంది, రాగం మధ్యలో కత్తిరించినట్టు.

సౌండ్ తగ్గించడం నిద్రకు ముందే మొదలవ్వాలి. నిద్ర ముంచుకొస్తుంటే పిల్లల చూపు ఒకచోట నిలవదు, రెప్పపాటు నెమ్మదిస్తుంది. అప్పుడు ఒక్క మెట్టు తగ్గించండి. రెండు నిమిషాలు ఆగి ఇంకో మెట్టు. మొత్తం పది నిమిషాలు పట్టాలి. తొందరపడితే మళ్లీ మొదటికొస్తుంది.

కళ్లు మూతపడ్డాక అందరూ కంగారుపడే ఘట్టం వస్తుంది. మూసిన రెప్పల కింద కళ్లు కదులుతాయి, పెదవులు చప్పరిస్తాయి, చిన్నగా మూలుగుతారు. లేచిపోతున్నారని సౌండ్ పెంచకండి, ఎత్తుకోకండి. మొదటి మూడు నెలల్లో పిల్లల నిద్ర సాధారణంగా మొదలయ్యేదే ఈ కదిలే నిద్రతో. గాఢనిద్ర పట్టడానికి సుమారు 20 నిమిషాలు పడుతుంది. ఊపిరి ఒకే తీరుగా సాగి, పిడికిలి విడి, చెయ్యి కాస్త ఎత్తి వదిలితే బరువుగా వాలిందంటే పట్టినట్టే. ఈలోగా సంగీతం వినీవినపడనట్టు ఉండాలి. ముక్క మధ్యలో ఆపకండి, అది ముగిశాక తర్వాతిది మొదలవకుండా చూడండి.

రాత్రంతా లూప్‌లో పెడితే సరిపోదా అంటారు. సరిపోదు. పిల్లల నిద్ర దాదాపు గంటకోసారి పలచబడుతుంది. మోగుతూ ఉంటేనే మళ్లీ పడుకునే అలవాటైతే, కరెంటు పోయిన రాత్రి మీకు జాగారమే.

5. రాత్రి లేస్తే: ముందు మెల్లగా జోకొట్టి చూడండి. ఆకలి కాదని తేలి, అప్పటికీ కుదరకపోతేనే అదే ముక్క, ఇంకా చిన్న సౌండ్‌తో పెట్టండి. వారం రోజులైనా ఫలితం లేకపోతే వాద్యం మార్చండి. వయొలిన్‌కు మొహం చిట్లించే పిల్లలు వీణకు హాయిగా పడుకుంటారు.