కొత్తగా అక్వేరియం పెడుతున్నారా? చేపల కంటే ముందు నీళ్లు చూసుకోండి

నా మొదటి ట్యాంకులో చేపలు రెండు వారాలు తిరక్కుండానే ఒక్కొక్కటిగా చనిపోయాయి. నీళ్లు అద్దంలా ఉన్నాయి కాబట్టి వాటిని అనుమానించనే లేదు. తిండి చాలడం లేదేమో అనుకుని ఇంకాస్త ఎక్కువ వేశాను. నిజానికి వాటిని చంపింది అమ్మోనియా. దానికి రంగు ఉండదు, చేపను చంపే మోతాదులో మనకు వాసన కూడా తెలియదు. నేను చేసిన ఆ పొరపాటు మీరు చేయకూడదనే ఇదంతా రాస్తున్నాను.

1. ట్యాంకు, సామాను

గుండ్రటి గాజు గిన్నె కొనకండి. అందులో ఫిల్టర్ పెట్టడానికి చోటుండదు, నీళ్లు కొంచెమే కాబట్టి తొందరగా పాడవుతాయి. కొత్తవాళ్లకు పెద్ద ట్యాంకే సులువు. కనీసం 60 లీటర్లది తీసుకోండి. నీళ్ల బరువే 60 కిలోలు, దానిపైన గాజు, గులకరాళ్లు. కాబట్టి గట్టి స్టాండు కావాలి. కిటికీ ఎండ పడే చోట పెడితే నాచు పట్టేస్తుంది.

ఫిల్టర్, థర్మామీటర్, కుళాయి నీళ్లలో క్లోరిన్‌ను విరిచే డీక్లోరినేటర్, నీళ్లు పరీక్షించే లిక్విడ్ టెస్ట్ కిట్ తప్పనిసరి. గప్పీలు, టెట్రాల వంటి చేపలకు 24 నుంచి 26 డిగ్రీల వేడి ఉండాలి. మీ దగ్గర చలి ఎక్కువైతే హీటర్ కూడా కావాలి. నీళ్లను ఒక రోజు బయట ఉంచితే క్లోరిన్ పోతుందంటారు. అది నిజమే. కానీ కొన్ని చోట్ల క్లోరిన్ బదులు క్లోరమైన్ కలుపుతారు, అది అలా పోదు. డీక్లోరినేటర్ వేయడమే మేలు.

2. చేపలు తెచ్చే ముందు నాలుగు నుంచి ఆరు వారాలు ఆగండి

అన్నిటికంటే ముఖ్యమైన మెట్టు ఇదే. అందరూ దాటేసేదీ ఇదే.

చేప మొప్పల గుండా అమ్మోనియాను వదులుతూనే ఉంటుంది. మలం, మిగిలిపోయిన తిండి కుళ్లినా అమ్మోనియానే వస్తుంది. అది మొప్పలను దెబ్బతీస్తుంది. ఒక రకం బ్యాక్టీరియా దీన్ని నైట్రైట్‌గా మారుస్తుంది. నైట్రైట్ కూడా విషమే, అది రక్తంలోకి చేరితే చేపకు ఆక్సిజన్ అందదు. ఇంకో రకం బ్యాక్టీరియా ఆ నైట్రైట్‌ను నైట్రేట్‌గా మారుస్తుంది. నైట్రేట్ కొద్దిగా ఉంటే చేపకు ఇబ్బంది లేదు. ఈ మేలు చేసే బ్యాక్టీరియా ఎక్కువగా ఫిల్టర్ స్పాంజిలో కాపురం ఉంటుంది. కొత్త ట్యాంకులో అది దాదాపు ఉండదు, పెరగడానికి సాధారణంగా 4 నుంచి 6 వారాలు పడుతుంది.

కాబట్టి ట్యాంకు నింపి, డీక్లోరినేటర్ కలిపి, ఫిల్టర్ ఆన్ చేసి, రోజూ చిటికెడు చేపల మేత వేయండి. అది కుళ్లి అమ్మోనియా పుడుతుంది, బ్యాక్టీరియాకు అదే ఆహారం. రెండు మూడు రోజులకోసారి నీళ్లు పరీక్షించండి. ముందు అమ్మోనియా పెరిగి తగ్గుతుంది, తర్వాత నైట్రైట్ పెరిగి తగ్గుతుంది. మేత వేస్తున్నా ఆ రెండూ సున్నా చూపిస్తూ, నైట్రేట్ కనిపిస్తుంటే ట్యాంకు సిద్ధమైనట్టు. ఆరోగ్యంగా ఉన్న పాత ట్యాంకు ఎవరి దగ్గరైనా ఉంటే, వాళ్ల ఫిల్టర్ స్పాంజిలో ఒక ముక్క అడిగి తెచ్చుకోండి. దాన్ని తడి ఆరకుండా తెచ్చి మీ ఫిల్టర్‌లో పెడితే ఈ పని చాలా తొందరగా అవుతుంది.

ఇప్పటికే చేపలు వేసేశారా? కంగారు పడకండి. మేత తగ్గించి రోజూ పరీక్షించండి. అమ్మోనియా, నైట్రైట్ కనిపించిన ప్రతి రోజూ పావు వంతు నుంచి సగం దాకా నీళ్లు మార్చండి.

3. ఏ చేపలు, ఎన్ని

60 లీటర్లకు ఐదారు గప్పీలతోనో ప్లాటీలతోనో మొదలుపెట్టండి. ఇవి పిల్లల్ని పెడుతూనే ఉంటాయి, వద్దనుకుంటే మగవాటినే తీసుకోండి. ట్యాంకు నిలదొక్కుకున్నాక ఇంకొన్ని చేర్చవచ్చు. గోల్డ్‌ఫిష్ మాత్రం ఈ ట్యాంకుకు వద్దు. దుకాణంలో వేలెడంత ఉన్నదే 20 సెంటీమీటర్లకు పైగా పెరగగలదు, పైగా దానికి చల్లటి నీళ్లు నచ్చుతాయి. మగ బెట్టాలు (ఫైటర్ చేపలు) రెండింటిని ఒకచోట ఉంచితే చచ్చేదాకా కొట్టుకుంటాయి.

ఇంటికి తెచ్చాక కవరును ట్యాంకు నీళ్లపై 15–20 నిమిషాలు తేలనివ్వండి. తర్వాత కాస్త కాస్తగా ట్యాంకు నీళ్లు కవరులో పోస్తూ అలవాటు చేసి, చేపలను వలతో తీసి వదలండి. ఆ కవరు నీళ్లు ట్యాంకులో పోయకండి.

4. మేత

రోజుకు ఒకటి రెండుసార్లు, రెండు నిమిషాల్లో తినేసేంత చాలు. మనిషి కనబడగానే అద్దం దగ్గరికి పరిగెత్తుకొస్తే పాపం ఆకలేమో అనిపిస్తుంది. అది అలవాటే, ఆకలి కాదు. వారంలో ఒక రోజు మేత మానేసినా పెద్ద చేపలకు ఏమీ కాదు.

5. వారం వారం చేయాల్సింది

పావు వంతు నీళ్లు సైఫన్ గొట్టంతో, అడుగున పేరుకున్న మురికితో సహా తీసి, డీక్లోరినేటర్ కలిపిన అంతే వేడి ఉన్న నీళ్లు పోయండి. ముందు హీటర్ ఆపండి. నీళ్లు తగ్గి హీటర్ బయటపడితే గాజు పగలవచ్చు. ఈ పనికి వాడే బకెట్‌లో ఎప్పుడూ సబ్బు వాడకండి.

నీళ్లన్నీ పారబోసి ట్యాంకు తోమడం శుభ్రత కాదు, చేపలకు పెద్ద దెబ్బ. స్పాంజిని కుళాయి కింద కడిగితే క్లోరిన్ వల్ల బ్యాక్టీరియా చచ్చిపోతుంది. ట్యాంకులోంచి తీసిన నీళ్లలోనే రెండుసార్లు పిండి మళ్లీ పెట్టేయండి.

6. రోజూ రెండు నిమిషాలు చూడండి

మేత వేసేటప్పుడే గమనించండి. అన్నీ పైకొచ్చి నోరు తెరిచి గాలి కోసం ఆయాసపడుతుంటే మందుల జోలికి పోవద్దు, ముందు నీళ్లు పరీక్షించండి, ఫిల్టర్ నడుస్తోందో లేదో చూడండి. రెక్కలు ముడుచుకోవడం, మేతకు రాకపోవడం, రాళ్లకు ఒళ్లు రుద్దుకోవడం జబ్బుకు తొలి గుర్తులు.

ఒంటి మీద ఉప్పు చల్లినట్టు తెల్ల చుక్కలు వస్తే అది వైట్ స్పాట్, ఒక పరాన్నజీవి వల్ల వచ్చే జబ్బు. దాని మందు ఒంటికి అంటుకున్న చుక్క మీద పనిచేయదు, పరాన్నజీవి నీళ్లలో ఈదే దశలోనే పనిచేస్తుంది. అందుకే చుక్కలు పోయాయని మధ్యలో ఆపితే మళ్లీ వస్తుంది. సీసా మీద రాసినన్ని రోజులూ వాడండి. ఆ రోజుల్లో ఫిల్టర్‌లో కార్బన్ ఉంటే తీసేయండి, లేకపోతే మందును అదే పీల్చేస్తుంది. స్పాంజిని మాత్రం కదపకండి.