తక్కువ ధర ఆరు తీగల బేస్ గిటార్: లోపం ఎక్కడ, మరమ్మతు ఏది, డబ్బు దేనికి పెట్టాలి

ఆరు తీగల బేస్ కొన్నవారిలో చాలామంది, శబ్దం నచ్చకపోతే ముందుగా పికప్‌లు (తీగల కదలికను విద్యుత్ సంకేతంగా మార్చే అయస్కాంత భాగాలు) మార్చాలని ఆలోచిస్తారు. నల్లగొండ, మిర్యాలగూడ, జడ్చర్ల, వనపర్తి వైపు చర్చి బృందాల్లోనూ పెళ్లి ఆర్కెస్ట్రాల్లోనూ వాయించేవారి వాయిద్యాలను చూసినప్పుడు నాకు ఏర్పడిన అభిప్రాయం వేరు. తక్కువ ధర బేస్‌లో వినిపించే లోపాలు ఎక్కువగా తీగల నుంచి, నెక్ (వేళ్లతో తీగలు నొక్కే పొడవాటి మెడ) అమరిక నుంచి, కరెంటు నుంచి వస్తాయి. పికప్‌ల వంతు అన్నిటికంటే చివరిది. కింది క్రమం ఆ అభిప్రాయాన్ని బట్టి రాసినదే.

ట్యూనర్‌లో బి, ఇ, ఎ, డి, జి, సి వరుస కుదరడం లేదు

కొన్నది మరో రకం వాయిద్యం కావచ్చు. 1961లో ఫెండర్ విడుదల చేసిన బేస్ సిక్స్‌కు కూడా ఆరు తీగలే ఉంటాయి. అయితే దాని స్కేలు (మోగే తీగ పొడవు) 30 అంగుళాలు, శ్రుతి మామూలు గిటార్‌కు ఒక స్థాయి కిందిది. మనం మాట్లాడుకుంటున్నది నాలుగు తీగల బేస్‌కు కింద ఒక బి, పైన ఒక సి చేర్చిన వాయిద్యం గురించి. 1975లో బేస్ వాద్యకారుడు ఆంటొనీ జాక్సన్ కోసం గిటార్ల తయారీదారు కార్ల్ థాంప్సన్ తయారుచేసిన కాంట్రాబేస్ గిటార్ ఈ రకానికి మొదటిది. ఆన్‌లైన్‌లో ‘ఆరు తీగల బేస్’ అన్న పేరు మాత్రమే చూసి ఆర్డర్ ఇవ్వకుండా, స్కేలు పొడవూ శ్రుతీ చదివి తీసుకోవాలి.

కొత్త వాయిద్యమే, అయినా నెక్ ఒక వైపు తిరిగినట్టుంది

హెడ్‌స్టాక్ (శ్రుతి మరలుండే చివర) వైపు నుంచి బ్రిడ్జ్ (బాడీ మీద తీగలు బిగించిన చోటు) వైపు ఒక కన్ను మూసి చూసినప్పుడు, నెక్ మీద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల్లో మొదటి ఫ్రెట్, చివరి ఫ్రెట్ సమాంతరంగా కనిపించాలి. అలా లేకపోతే నెక్ మెలి తిరిగిందని అర్థం. ట్రస్ రాడ్ (నెక్ లోపలి లోహపు కడ్డీ) నెక్ పొడవునా ఉన్న వంపును మాత్రమే సరిచేయగలదు, మెలిని తీయలేదు. నట్ (హెడ్‌స్టాక్ దగ్గర తీగలు ఆనే గాడుల పట్టీ) దగ్గరే 54 మిల్లీమీటర్ల వరకు వెడల్పుండే ఈ నెక్‌లలో ఈ పరీక్ష తప్పనిసరి. మెలి కనబడితే రిటర్న్ గడువులోనే తిప్పి పంపాలి. ట్రస్ రాడ్ తిప్పే మర ముందే పూర్తిగా బిగిసిపోయి ఉన్న వాయిద్యాన్ని ఎంత తక్కువకు ఇచ్చినా తీసుకోకూడదు. మిగిలిన లోపాలన్నిటికీ మందు ఉంది, ఈ రెండింటికీ లేదు.

బి తీగ మెత్తగా మోగుతోంది, స్వరం తెలియడం లేదు

ఆరు తీగల బేస్ గురించి వినిపించే ఫిర్యాదుల్లో ఇదే ముఖ్యమైనది. కారణాలు నాలుగు ఉంటాయి కాబట్టి ఖర్చు లేని వాటితో మొదలుపెట్టాలి.

మొదట అనుమానించవలసింది స్పీకర్‌ను. బి తీగ మూలస్వరం సుమారు 31 హెర్ట్జ్. ఎనిమిది అంగుళాల స్పీకర్ ఉన్న చిన్న ప్రాక్టీస్ ఆంప్ ఆ స్వరాన్ని దాదాపు వినిపించలేదు. పెద్ద క్యాబినెట్లలో కూడా మన చెవి ఎక్కువగా పట్టుకునేది దాని రెట్టింపైన 62 హెర్ట్జ్‌నూ, అంతకు పైనున్న అనుస్వరాలనూ (ఓవర్‌టోన్లు). అదే బేస్‌ను మంచి హెడ్‌ఫోన్లలో విని చూడండి. అక్కడ బి స్పష్టంగా ఉంటే వాయిద్యంలో తప్పు లేదు. అప్పుడు బేస్ నాబ్ పెంచడం మాని కొంచెం తగ్గించి, మిడ్ పెంచి, వేళ్లను బ్రిడ్జ్ వైపు జరిపి వాయిస్తే స్వరం బయటికొస్తుంది. కీబోర్డు వాయించే అన్న ఎడమచేత్తో అవే కింది స్వరాలు పట్టుకుని కూర్చుంటే ఎంత మంచి బేస్ అయినా బురదలో కలిసిపోతుంది. రిహార్సల్‌లోనే ఆయనతో ఒక మాట అనుకోవడం ఏ పరికరం కొనడం కన్నా మేలు.

రెండవది తీగ. కొత్త తీగ కూడా నిస్తేజంగా మోగుతుంటే, అది శాడిల్ (బ్రిడ్జ్ మీద తీగ ఆనే చిన్న ముక్క) దాటే చోటా నట్ దాటే చోటా గుండ్రంగా వంగి ఉందేమో చూడాలి. ఆ రెండు చోట్లా వేలితో మెల్లగా కిందికి నొక్కితే వంపు సూటిగా కుదిరి, స్వరం వెంటనే తేటపడుతుంది. తీగ వేసేటప్పుడు పోస్టు (తీగ చుట్టుకునే కడ్డీ) దగ్గర మొదట లంబంగా వంచి, ఆ తర్వాతే మిగులు కత్తిరించాలి; వంచకముందే కత్తిరిస్తే లోపలి చుట్టు వదులై తీగ చచ్చిపోతుంది. ఆరు తీగల సెట్లలో సాధారణ కొలత 32 నుంచి 130 వరకు, అంటే బి తీగ మందం 0.130 అంగుళం. పలుచని బి ఉంటే దీనికి మార్చండి. 135కు వెళ్లాలంటే నట్ గాడిని వెడల్పు చేయించాల్సి రావచ్చు. మన జిల్లాల్లో ఆరు తీగల సెట్లు దొరకడం కష్టం కాబట్టి, హైదరాబాద్ వెళ్లినప్పుడు ఒకటి అదనంగా తెచ్చి పెట్టుకోవడం మంచిది.

మూడవది స్కేలు. ఒకే తీగను ఒకే శ్రుతిలో పెట్టినప్పుడు 34 అంగుళాల కన్నా 35 అంగుళాల స్కేలులో బిగువు దాదాపు 6 శాతం ఎక్కువ. ఆ తేడా చేతికి తెలుస్తుంది గాని, దానికోసమే వాయిద్యం మార్చవలసినంతది కాదని నా నమ్మకం. చక్కగా అమర్చిన 34 అంగుళాల నెక్ మీద మంచి 130 తీగ సరిపోతుంది.

నాలుగవ కారణాన్ని తరచూ ఎవరూ గమనించరు. పై ఫ్రెట్లలో బి తీగ వణుకుతూ, ట్యూనర్ ముల్లు ఒక చోట నిలవకపోతే, పికప్ తీగకు మరీ దగ్గరగా ఉండి దాని అయస్కాంతం తీగను లాగుతోంది. చివరి ఫ్రెట్ నొక్కి ఉంచి తీగకూ పికప్‌కూ మధ్య మూడు మిల్లీమీటర్లకు తగ్గకుండా బి వైపు దించాలి.

నిన్నటిదాకా బాగానే ఉంది, ఇప్పుడు తీగలు ఫ్రెట్లకు తగిలి గరగరమంటున్నాయి

కారణం వాతావరణం. మేలో నల్లగొండ ఎండ 45 డిగ్రీల దాకా పోతుంది, గాలి ఎండిపోతుంది, చెక్కలో తేమ తగ్గి నెక్ వెనక్కి వాలుతుంది. వానాకాలంలో తేమ పట్టి ముందుకు వంగుతుంది, అప్పుడు తీగలు ఎత్తుగా అనిపిస్తాయి. మొదటి ఫ్రెట్‌నూ చివరి ఫ్రెట్‌నూ ఒకేసారి నొక్కి, ఏడెనిమిది ఫ్రెట్ల దగ్గర తీగ కింద సందు చూడండి. 0.3 నుంచి 0.4 మిల్లీమీటర్లు ఉంటే సరి. సందు లేకపోతే ట్రస్ రాడ్‌ను వదులు చేయాలి, ఎక్కువుంటే బిగించాలి. ఒకసారికి పావు చుట్టు మించి తిప్పకుండా, చెక్క కుదురుకునే దాకా ఒక రాత్రి ఆగి మళ్లీ చూడాలి. ఆ తర్వాతే శాడిళ్లు ముట్టుకోవాలి: పన్నెండో ఫ్రెట్ మీద బి తీగ సుమారు 2.5 మిల్లీమీటర్ల ఎత్తులో, సి తీగ 2 మిల్లీమీటర్ల లోపు ఉంటే మంచిది. అన్నిటికన్నా చివర ఇంటోనేషన్ (ఫ్రెట్ల మీద శ్రుతి కుదరడం): పన్నెండో ఫ్రెట్ నొక్కి మీటిన స్వరం, అక్కడి హార్మోనిక్ (తీగను నొక్కకుండా తాకి మీటిన స్వరం) కన్నా ఎక్కువ పలికితే శాడిల్‌ను వెనక్కి, తక్కువ పలికితే ముందుకు జరపాలి.

అదే ఎండలో ఫ్రెట్ల అంచులు నెక్ పక్కల నుంచి బయటికొచ్చి చేతికి గీరుకుంటాయి. ఫ్రెట్లు పెరగలేదు, ఫింగర్‌బోర్డు కుంచించుకుంది. సన్నని ఆకురాయితో ఆ అంచులను రాస్తే చాలు. ఆర్టీసీ బస్సు డిక్కీలోనో, ఎండలో ఆపిన కారులోనో బేస్‌ను వదలకండి.

ఆంప్‌లో హమ్ వస్తోంది; ఒక్కోసారి తీగ ముట్టుకుంటే జివ్వుమంటోంది

జివ్వుమంటే వాయించడం వెంటనే ఆపాలి. అది వాయిద్యం లోపం అనుకుని రబ్బరు చెప్పులతో సర్దుకునేవారిని చూస్తే నాకు భయమేస్తుంది. పాత ఇళ్లలో, జనరేటర్ మీద నడిచే ఫంక్షన్ హాళ్లలో ఎర్త్ లేకపోవడం, త్రీ పిన్ ప్లగ్‌ను టూ పిన్ బోర్డుకు తగిలించడం దీనికి సాధారణ కారణాలు. ఎర్త్ గుంత తవ్వి ఉన్న చోట కూడా వేసవిలో చెలక నేల, రాతి నేల ఎండిపోతే అది పని చేయదు. ఉప్పు, బొగ్గు వేసి అప్పుడప్పుడు నీళ్లు పోయాలి. ఎలక్ట్రీషియన్‌తో ఎర్త్ పరీక్ష చేయించి, 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ (కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపే స్విచ్) పెట్టించుకోవడం బేస్ మీద పెట్టే మొదటి ఖర్చు కావాలని నేను గట్టిగా చెబుతాను. పాడుతూ వాయించేవారు మైకునూ ఆంప్‌నూ ఎర్త్ ఉన్న ఒకే బోర్డు నుంచి నడపాలి, లేకపోతే పెదవికి షాక్ తగిలే ప్రమాదం ఉంది. హమ్ పోతుందని ఎర్త్ పిన్ విరగ్గొట్టే అలవాటు ప్రాణాంతకం.

ఎర్త్ బాగున్నా హమ్ ఉంటే, బేస్ పట్టుకుని మెల్లగా తిరిగి చూడండి. దిశను బట్టి హమ్ మారితే ట్రాన్స్‌ఫార్మర్, ట్యూబ్‌లైట్ చోక్ లాంటి వాటి నుంచి పికప్‌లు దాన్ని పట్టుకుంటున్నాయి. తీగ ముట్టినప్పుడు తగ్గితే లోపలి షీల్డింగ్ (హమ్‌ను అడ్డుకునే లోహపు పొర) చాలలేదు, అక్కడ రాగి టేప్ అతికించి గ్రౌండ్‌కు సోల్డర్ చేయించాలి. ముట్టినప్పుడు పెరిగితే బ్రిడ్జ్ నుంచి వచ్చే గ్రౌండ్ తీగ తెగిందేమో, జాక్ వైరింగ్ తారుమారైందేమో చూడాలి.

గట్టిగా మీటితే శబ్దం పగులుతోంది

ఇది యాక్టివ్ బేస్ (లోపల బ్యాటరీతో నడిచే ప్రీఆంప్ ఉన్నది) అయితే 9 వోల్టుల బ్యాటరీ మార్చండి. కేబుల్ జాక్‌లో ఉన్నంతసేపూ ఆ బ్యాటరీ ఖర్చవుతుంది కాబట్టి వాయించాక తీసేయాలి. నాబ్ తిప్పినప్పుడు మాత్రమే కరకరమంటే కాంటాక్ట్ క్లీనర్ చాలు.

వదిలితే నెక్ నేల వైపు వాలుతోంది

ఆరు మెషిన్ హెడ్ల (శ్రుతి మరల) బరువు ఒక చివర, తేలికైన బాడీ మరో చివర ఉండటమే కారణం. జారని వెడల్పాటి తోలు స్ట్రాప్ వేయండి. దానితో కుదరకపోతే తేలికైన మెషిన్ హెడ్లు.

సి తీగ గిటార్‌లా సన్నగా పలుకుతోంది

పికప్‌ను సి వైపు కొద్దిగా ఎత్తి, వేలును నెక్ వైపు జరిపి మీటండి. 0.035 అంగుళం మందం సి తీగ కూడా పనికొస్తుంది. వాయించని తీగలు వెనక మోగుతూ ఉంటే తప్పు చేతిది: బొటనవేలు ఒకే చోట ఆనించకుండా, పై తీగకు ఎక్కినప్పుడల్లా కింది తీగల మీదికి జరుపుతూ పోవాలి.

ఇవన్నీ సరిచేశాక కూడా శబ్దం పేలవంగా ఉంది

ఇప్పుడు పికప్‌ల గురించి ఆలోచించవచ్చు. ఆరు తీగల సోప్‌బార్లలో (సబ్బు బిళ్ల ఆకారపు పికప్‌లు) పరిమాణాలు రకరకాలు కాబట్టి, పాతదాన్ని విప్పి పొడవు, వెడల్పు, లోతు, తీగల మధ్య దూరం కొలిచాకే ఆర్డర్ ఇవ్వాలి, లేకపోతే బాడీని చెక్కించాల్సి వస్తుంది. కొనబోయేవారికి ఒక లెక్క చెప్పగలను: ఐబనీజ్ ఎస్‌ఆర్ 506ఇ అనే ఆరు తీగల బేస్‌లో బార్టొలీని బీహెచ్2 పికప్‌లు ముందే ఉంటాయి. అంతకన్నా కింది ధర బేస్ కొని, పికప్‌లూ ప్రీఆంప్ మార్చి, సోల్డరింగ్ కూలీ ఇచ్చే మొత్తాన్ని దాని ధరతో ముందుగా పోల్చి చూడాలి. చాలాసార్లు రెండో దారికే ఖర్చు ఎక్కువ.