అమెరికా స్టీల్ డీటెయిలింగ్‌కు కొత్తగా వచ్చారా? ముందు కొలతలు వేయడం నేర్చుకోండి

స్టీల్ డీటెయిలింగ్ అంటే భవనాల స్టీలు ముక్కల్ని షాపులో, అంటే ఫ్యాబ్రికేషన్ వర్క్‌షాపులో, తయారుచేయడానికి డ్రాయింగులు గీసే పని. వీసా, ఇల్లు, బ్యాంకు ఖాతా సంగతులు చెప్పేవాళ్లు చాలామంది ఉన్నారు, వాటి జోలికి పోను. మొన్న మా ఆఫీసులో కొత్తగా చేరిన కుర్రాడి బీమ్ షీటు (బీమ్ తయారీ డ్రాయింగ్), డ్రాయింగులు సరిచూసే చెకర్ దగ్గర్నుంచి ఎర్ర గీతలతో తిరిగొచ్చింది. కంప్యూటర్‌లో చేసిన 3డి మోడల్ బాగానే ఉంది. వచ్చిన చిక్కంతా కొలతలు వేసిన పద్ధతితోనే. నా మొదటి నెలలూ ఇలాగే ఏడ్చాయి కాబట్టి రాస్తున్నాను.

ఇక్కడ మిల్లీమీటర్లు మరచిపోండి. అడుగులు, అంగుళాలు, అంగుళంలో 16వ వంతులు, అంతే. 7.25 అడుగులంటే 7 అడుగుల 3 అంగుళాలు. నవ్వకండి, ఇంజనీరింగ్ చదివొచ్చినవాళ్లే దీన్ని 7 అడుగుల 2 1/2 అని వేస్తుంటారు. వాలు కూడా డిగ్రీల్లో ఇవ్వరు, 12 అంగుళాల అడ్డానికి ఎంత లేస్తుందో చెప్తారు.

ఇక నా గోల రన్నింగ్ డైమెన్షన్ల గురించి, అంటే అన్ని కొలతలూ ఒకే చివర నుంచి ఇవ్వడం. ఒక హోల్ నుంచి ఇంకో హోల్‌కు, అక్కణ్ణుంచి మరోదానికి గొలుసులా కొలతలు వేసుకుంటూ పోవద్దు. షాపులో ముక్కలు అమర్చే ఫిట్టర్ ఏం చేస్తాడో చూడండి. బీమ్ ఎడమ చివర టేపు కొక్కెం తగిలించి అటు చివరిదాకా లాగుతాడు. ఇక టేపు కదపకుండా సుద్దతో గుర్తులు పెట్టుకుంటూ పోతాడు. ప్రతి గుర్తుకూ ఎడమ చివర నుంచి దూరం ఎంతో మీ షీటులో ఉండాలి. లేదంటే గ్రైండర్ల మోతలో నిలబడి భిన్నాలు కూడుకోవాల్సింది అతనే. పైగా ఒక్కో కొలతను దగ్గరి 16వ వంతుకు సవరిస్తే 1/32 అంగుళం దాకా తేడా వస్తుంది. గొలుసులో 8 కొలతలు ఒకే వైపు జరిగాయంటే 1/4 అంగుళం! 3/4 బోల్టుకు వేసే స్టాండర్డ్ హోల్ 13/16, అంటే వెసులుబాటు 1/16 మాత్రమే. సైటులో ఆ బోల్టు ఎలా దూరుతుంది? హోల్స్ సీఎన్‌సీ (కంప్యూటర్‌తో నడిచే) మిషన్ వేస్తుంది కదా అంటారు. వేస్తుంది. క్లిప్ యాంగిల్స్ (బీమ్‌ను కలిపే L ఆకారపు ముక్కలు), స్టిఫెనర్లు (బలానికి వేసే ప్లేట్లు) పెట్టేది చాలాచోట్ల మనిషే, సరిచూసేదీ టేపుతోనే.

నిలువు కొలతలూ అంతే, పై ఫ్లేంజ్ (బీమ్ పైన అడ్డంగా ఉండే పలక) నుంచి కిందికి ఇవ్వండి. సగం పైనుంచి, సగం కిందనుంచి ఇచ్చారో గోవిందా. డబ్ల్యూ 12×26 అనే బీమ్ (పేరులో 12 సుమారు లోతు, 26 అడుక్కి పౌండ్ల బరువు) అసలు లోతు 12.2 అంగుళాలు. అదీ రోలింగ్‌లో 1/8 అంగుళం అటూ ఇటూ ఉండొచ్చని స్టీలు ప్రమాణం ఏఎస్‌టీఎమ్ ఏ6 ఒప్పుకుంటుంది. స్లాబు కూర్చునేది పై ఫ్లేంజ్ మీద కాబట్టి ఆ తేడా కింది వైపుకే పోవాలి.

ఒకే కొలతను రెండు వ్యూల్లో వేయకండి. రివిజన్‌లో ఒకటి మారుస్తారు, రెండోది అలాగే ఉండిపోతుంది. డిజైన్ డ్రాయింగ్‌లో కొలత లేకపోతే స్కేలు పెట్టి కొలిచి ఊహించొద్దు, ఆర్‌ఎఫ్‌ఐ (సమాచారం అడిగే రాతపూర్వక ప్రశ్న) పంపండి. ఎన్నిసార్లు చెప్పాలి ఇది!

సరే, మరీ టెన్షన్ పెట్టేసినట్టున్నాను. 16వ వంతులు కొన్ని వారాల్లో అలవాటైపోతాయి. చెకర్ గీసే ఎర్ర గీతలకు ముఖం మాడ్చుకోకండి, షీటు షాపుకు చేరేలోపు తప్పు పట్టుకోవడమే అతని ఉద్యోగం. వీలైతే ఒక పూట షాపుకెళ్లి, మీ షీటు చేత్తో పట్టుకున్న ఫిట్టర్ పక్కన నిలబడండి. సేఫ్టీ గ్లాసులు, స్టీల్ టో బూట్లు వేసుకుని వెళ్లండి, లేకపోతే లోపలికి రానివ్వరు.