వీణ మాస్టారి ఫోటోకు కిటికీ ఒక్కటి చాలు

వీణ వాయించేవాళ్ల ఫోటోల్లో చాలావరకు ముఖం మీద పెట్టిన శ్రద్ధ ఎడమ చేతి మీద కనబడదు. గమకం, అంటే స్వరాన్ని ఊపి పలికించడం, ఆ చేతి పనే. ఏళ్ల తరబడి తీగ లాగి లాగి వేలి కొసలు కాయలు కాసి ఉంటాయి. వెలుతురు చూసుకునేటప్పుడు నేను ముందు ఆ చేతి సంగతి చూస్తాను, తర్వాతే ముఖం.

విజయనగరంలో మా వీణ మాస్టారికి ఎనభై దాటాయి. ఆయన ఇంట్లో నేను తీసే పద్ధతి ఇది.

బాసింపట్టు వేసుకుని కూర్చుంటే వీణ కుండ (తొలిచిన పెద్ద గుండ్రటి భాగం) ఆయనకు కుడి పక్క నేల మీద, బుర్ర (రెండో కొస కింది చిన్న గుండ్రటి భాగం) ఎడమ తొడ మీద ఉంటాయి. కాబట్టి కిటికీ ఆయనకు ఎడమ పక్కన, కాస్త ముందుకు ఉండాలి. అప్పుడు వెలుతురు ముఖానికి, మెట్ల (తీగల కింద అడ్డంగా ఉండే లోహపు కడ్డీల) మీది వేళ్లకు బాగా తగిలి, కుండ దగ్గరికొచ్చేసరికి తగ్గుతుంది. కిటికీ కుడి పక్కన ఉంటే కుండ మెరుస్తుంది, వేళ్లు చీకట్లో పడతాయి. ఇంకో చిక్కు: మనిషి కింద కూర్చుంటాడు, కిటికీ ఏమో మూడడుగుల ఎత్తులో మొదలవుతుంది. గోడ పక్కనే కూర్చోబెడితే వెలుతురంతా తల మీదుగా పోతుంది. నాలుగైదు అడుగులు ఇవతలికి జరపండి, లేదా దివాన్ మీద కూర్చోబెట్టండి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లకు అదే సుఖం కూడా.

నేరుగా ఎండ మాత్రం పడనివ్వద్దు. ముఖం మీద ఊచల నీడలు పడతాయన్నది చిన్న విషయం. వీణ మెట్లను నిలబెట్టేది మైనం. ఎండకు అది మెత్తబడితే మెట్టు కదులుతుంది, స్వరస్థానం తప్పుతుంది. 24 మెట్లు మళ్లీ సరిచేయించాలంటే పనివాడు దొరకాలి, డబ్బూ కావాలి. ఉత్తరం కిటికీ మంచిదే కానీ, మే, జూన్ నెలల్లో పొద్దున, సాయంత్రం దాని గుండా కూడా ఏటవాలుగా ఎండ వస్తుంది. అలాంటప్పుడు పల్చటి తెల్ల పంచె ఒకటి అడ్డంగా కడితే సరి.

ట్యూబ్‌లైటు ఆర్పేయండి, రెండు రంగుల వెలుతురు కలిస్తే చర్మం రంగు పాడవుతుంది. ఫ్యాన్ మాత్రం ఆయన ఇష్టం.

చీకటి పక్క మరీ నల్లగా ఉంటే అటు ఒక కుర్చీ మీద తెల్ల దుప్పటి వేసి పెట్టండి, కిటికీ వెలుతురు దాని మీద పడి తిరిగొస్తుంది. దాన్ని కుండకు మరీ దగ్గరగా పెట్టకండి. మాస్టారిది బొబ్బిలి వీణ, బొబ్బిలి దగ్గరి గొల్లపల్లిలో ఒకే పనస దుంగ నుంచి తొలిచింది. పాలిష్‌లో దుప్పటి తెల్లటి మచ్చలా కనబడుతుంది.

నేను వాడేది 50 ఎంఎం లెన్సు. అపర్చర్ (లెన్సు తెరుచుకునే మేర) ఎఫ్/4 దగ్గర ఉంచుతాను, ఎందుకంటే కళ్లు, వేళ్లు రెండూ ఫోకస్‌లో ఉండాలి. షట్టర్ 1/125 సెకను, ఐఎస్ఓ (వెలుతురుకు కెమెరా స్పందించే స్థాయి) 1600 నుంచి 3200. తెల్ల జుట్టు, తెల్ల పంచె తేలిపోకుండా ఎక్స్‌పోజర్ ఒక స్టాప్, అంటే సగానికి, తగ్గిస్తాను. వేగంగా వాయించేటప్పుడు వేళ్లు కాస్త చెదిరితే చెదరనీ, బాగానే ఉంటుంది. ఫోన్ అయితే పోర్ట్రెయిట్ మోడ్ వద్దు. తీగల్ని, బిరడల్ని (తీగ బిగించే మరల్ని) అది వెనక గోడతో కలిపి మసకబార్చేస్తుంది.

కళ్లజోడు తీయమనకండి. రోజూ చూసే ముఖం కాకుండా పోతుంది. మెట్ల వైపు తల వంచగానే అద్దాల్లో కిటికీ మెరుపు చాలావరకు తగ్గుతుంది. ఇంకా ఉంటే "మాస్టారూ, గడ్డం కొంచెం కిందికి" అంటే చాలు.

ఇక ఎప్పుడు నొక్కాలి? చాలామంది కీర్తన మొదలయ్యాక కెమెరా ఎత్తుతారు. నాకైతే శ్రుతి చేసుకునే సమయమే ఇష్టం. ఒక చెయ్యి బిరడ మీద, ఇంకో చెయ్యి తీగ మీద, చెవి అటు వంచి... ఆ సమయంలో మనం అక్కడ ఉన్నామన్న ధ్యాసే ఆయనకు ఉండదు. షట్టర్ చప్పుడు మాత్రం ఆపేసుకోండి, ఆయన వినేది శ్రుతి. ఊరికే వాయిస్తున్నట్టు పోజు పెట్టమని మాత్రం అడగకండి. వైణికుడెవరైనా ఆ అబద్ధం ఇట్టే పట్టేస్తాడు. అరగంటకు మించి కూర్చోబెట్టద్దు, మధ్యలో కాఫీకి లేవనివ్వండి.

ఫోటోలు ఏరేటప్పుడు ఆయన్నీ పక్కన కూర్చోబెట్టుకోండి. నవ్వు బాగుందని నేను దాచుకున్నదాన్ని మాస్టారు ఒక్క చూపులో తీసేయించారు: "వేలు ఎక్కడుందో చూశావురా? అక్కడ ఏ స్వరమూ లేదు." ఆయన సరేనన్నవే ప్రింటుకు ఇచ్చాను. మ్యాట్ పేపరు అడగండి, గ్లాసీ అయితే హాల్లో ట్యూబ్‌లైటు దాని మీదే మెరుస్తుంది.